ఆరుబయట నిలిపిన విమానానికి ఏ బరకం కప్పాలి?

గోదావరి జిల్లాల్లో బరకం లేని రైతు ఇల్లు ఉండదు. కళ్ళంలో ధాన్యం రాశి మీద బరకం. లారీ లోడు మీద బరకం. వానాకాలంలో వరండాకు అడ్డంగా బరకం. ఎండకూ వానకూ పాడయ్యే వస్తువు ఏదైనా సరే, దానిమీద ఒక బరకం కప్పేస్తే బెంగ లేదనుకుంటాం.

కాని ధాన్యం రైతును అడిగి చూడండి. “బరకం రాత్రీ పగలూ కప్పే ఉంచుతారా?” అంటే, “ఉంచం, పొద్దున ఎండ రాగానే తీసేస్తాం” అంటారు. పచ్చి ధాన్యాన్ని గాలి ఆడకుండా కప్పి ఉంచితే లోపల వేడెక్కుతుంది, రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు లారీలకు ఎత్తే వారికీ ఈ సంగతి తెలుసు. కోసిన తరువాత కూడా అరటి గెల శ్వాసిస్తూనే ఉంటుంది. వేడినీ, నీటి ఆవిరినీ వదులుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ షీటుతో మూటలా బిగించేస్తే ఊరు చేరేలోగా కాయ చెడిపోతుంది.

ఇప్పుడు మీకొక చిక్కు ప్రశ్న. రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయం ఉంది కదా. అక్కడ మీకొక చిన్న సొంత విమానం ఉందనుకోండి. విమానాలను ఉంచే పెద్ద షెడ్డును హాంగర్ అంటారు. మీకు హాంగర్‌లో చోటు దొరకలేదు. విమానాన్ని ఆరుబయటే నిలపాలి. దానిమీద ఏం కప్పుతారు?

“రావులపాలెం సెంటరులో ఒక పెద్ద ప్లాస్టిక్ బరకం కొని, తాళ్ళతో బిగించి కట్టేస్తే సరి” అంటారా? అలా చేస్తే ఏమీ కప్పకపోవడంకంటే ఎక్కువ నష్టం జరగవచ్చు. ఎందుకో చూద్దాం.

చిన్న విమానం ఎంత సున్నితం?

ప్రపంచంలో చాలా చోట్ల కనిపించే చిన్న విమానం సెస్నా 172. నలుగురు కూర్చోవచ్చు. మొదట 1955లో ఎగిరింది. దాని రెక్కల వెడల్పు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 11 మీటర్లు. పొడవు 8 మీటర్ల పైచిలుకు. అంటే మీ తరగతి గదిలో పట్టదు. కాని మనుషులూ పెట్రోలూ లేనప్పుడు దాని బరువు ఒక మోస్తరు కారు బరువుకంటే తక్కువే. దాని అల్యూమినియం చర్మం చాలాచోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు.

మన దేశంలో బెంగుళూరు హిందూస్థాన్ విమాన కర్మాగారంలో తయారైన ‘పుష్పక్’ ఇంకా సున్నితం. ఇద్దరు కూర్చునే ఈ విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. ఇలాంటివి సుమారు 160 తయారు చేసి, దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు శిక్షణ కోసం ఇచ్చారు. దాని చర్మం లోహం కాదు, గుడ్డ! ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డను లాగి బిగించి, పైన ఒక రకం వార్నీషు పూస్తారు. అది ఆరుతూ గుడ్డను డోలు చర్మంలా బిగదీస్తుంది. ఇలాంటి గుడ్డ విమానాలకు ఆ పూతలో అల్యూమినియం పొడి కూడా కలుపుతారు. అది వెండిలా మెరవడానికి మాత్రమే కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు గుడ్డ నూలును చివికిపోయేలా చేస్తాయి. అల్యూమినియం పొడి ఆ కిరణాలను గుడ్డదాకా రానివ్వదు.

మరి వందలమందిని మోసే పెద్ద విమానాలకు బరకం ఎందుకు కప్పరు? అవి రోజులో చాలా గంటలు ఆకాశంలోనే ఉంటాయి. దిగిన గంటకో రెండు గంటలకో మళ్ళీ ఎగురుతాయి. సొంత విమానం అలా కాదు. వారానికి రెండు మూడు గంటలు ఎగిరితే గొప్ప. మిగతా కాలమంతా ఎండలో, వానలో నిలబడే ఉంటుంది.

మొదటి శత్రువు: ఎండ

మూసి ఉన్న కారును ఎండలో నిలిపి, గంట తరువాత తలుపు తెరిచారా? మొహాన వేడి సెగ కొడుతుంది. బయట 38 డిగ్రీలుంటే లోపల 60 డిగ్రీల దాకా పోవచ్చు. కిటికీలోంచి వెలుగు లోపలికి వస్తుంది. సీట్లు ఆ వెలుగును పీల్చుకుని వేడెక్కుతాయి. వేడెక్కిన సీట్లు తిరిగి విడుదల చేసే పరారుణ కిరణాలు కిటికీని దాటి బయటికి పోలేవు. వేడెక్కిన గాలి కూడా పోవడానికి దారి లేదు.

విమానం పైలట్ గదికి ముందూ పక్కలా కిటికీలే. రేడియోలు, కొలత పరికరాలు అన్నీ ఆ గదిలోనే ఉంటాయి. పైగా చిన్న విమానాల కిటికీలు గాజువి కావు. ఆక్రిలిక్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్‌వి. అది గాజుకంటే తేలిక. ఏళ్ళ తరబడి ఎండా, వేడీ తగిలితే దానిలో వెంట్రుకలకంటే సన్నని పగుళ్ళు వస్తాయి. సూర్యుడికి ఎదురుగా వెళ్ళేటప్పుడు ఆ పగుళ్ళన్నీ మెరిసి, పైలట్‌కు ముందు దారి కనబడదు.

కనుక కప్పు మొదటి పని వెలుగును ఆపడం. కిటికీకి లోపలివైపు తెర కడితే సగం పనే అవుతుంది. వెలుగు అప్పటికే కిటికీ దాటి లోపలికి వచ్చేసింది. బయటనుంచి కప్పాలి. తెలుపో, వెండి రంగో అయితే వెలుగు చాలావరకు వెనక్కు పోతుంది.

రెండో శత్రువు: బరకం కింద కురిసే వాన

వాన నీరు లోపలికి దిగకుండా ప్లాస్టిక్ బరకం బాగానే ఆపుతుంది. కాని నీరు వచ్చేది పైనుంచి మాత్రమే కాదు.

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. ఎంత ఉండవచ్చన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములే మోయగలదు. సాయంకాలం బరకం కింద ఒక్కొక్క ఘనమీటరు గాలిలో 25 గ్రాముల ఆవిరి ఉందనుకోండి. అర్ధరాత్రికి 20 డిగ్రీలయింది. మిగిలిన 8 గ్రాములు ఏమవుతాయి? నీటి చుక్కలై బరకం అడుగునా, విమానం చర్మం మీదా అంటుకుంటాయి. తెల్లవారి ఎండకు మళ్ళీ ఆవిరవుతాయి. ప్లాస్టిక్ కనుక ఆవిరి బయటికి పోలేదు. పైగా కింద తడి నేలనుంచి కొత్త ఆవిరి వచ్చి కలుస్తుంది. రాత్రికి మళ్ళీ చుక్కలు. చుట్టుపక్కల అంతా ఎండిపోయినా బరకం కింద రోజూ వానే!

దీనివల్ల నష్టమేమిటి? అల్యూమినియం తుప్పు పట్టదని అనుకుంటాం. గాలి తగలగానే దానిమీద పలుచని ఆక్సైడు పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుందన్న మాట నిజమే. కాని సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు కలిసిన తడి ఆ పొరను అక్కడక్కడా ఛేదించి, సూది పొడిచినట్లు గుంటలు చేస్తుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని చర్మానికి అది చిన్న గాయం కాదు. అల్యూమినియం రేకులో ఉక్కు మర ఉన్నచోట ఇంకో చిక్కు. రెండు వేరువేరు లోహాలు, మధ్య ఉప్పునీరు! మీరు ప్రయోగశాలలో చేసే విద్యుత్ ఘటం అదే కదూ? అక్కడ అల్యూమినియం క్రమంగా కరిగిపోతుంది.

కాబట్టి మనకు కావలసిన కప్పు రెండు ఎదురెదురు పనులు చేయాలి. నీటిని లోపలికి రానివ్వకూడదు. ఆవిరిని బయటికి పోనివ్వాలి. ఇది సాధ్యమా?

నీటికి గోడ, ఆవిరికి తలుపు

సాధ్యమే. ఎందుకంటే నీటి చుక్క, ఆవిరి అణువు ఒక్క పరిమాణంలో ఉండవు. వాన చుక్క ఒకటి రెండు మిల్లీమీటర్లుంటుంది. నీటి అణువు అందులో కొన్ని లక్షల వంతు. గుడ్డ పోగుల మధ్య సందులు అణువుకు రాచబాటలు. చుక్క మాత్రం వాటిలో దూరలేదు. నీటి ఉపరితలం సాగదీసిన పొరలా ప్రవర్తిస్తుంది. దీన్నే తలతన్యత అంటారు. నూలుకు నీరు అంటని పూత ఉంటే, ఈ పొర తెగక చుక్క గుండ్రంగానే ఉండి జారిపోతుంది. తామరాకు మీద నీటిబొట్టు చూశారుగా, అలాగన్నమాట.

ఇక బజారులో దొరికే గుడ్డలను వరుసగా పరీక్షిద్దాం.

పాలిథీన్ బరకం: చవక, తేలిక. నీటిని ఆపుతుంది, ఆవిరినీ ఆపుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాని పొడవాటి అణు గొలుసులను తెంచుతాయి. ఒకటి రెండు వేసవుల తరువాత పాత బరకం చేత్తో నలిపితే పెళుసుగా విరిగేది ఇందుకే. దాని గరుకు అంచులు కిటికీని గీకుతాయి.

నూలు కాన్వాసు: గాలి ఆడుతుంది. తడిస్తే పోగులు ఉబ్బి సందులు వాటంతట అవే మూసుకుంటాయి. కాని తడిస్తే మోయలేనంత బరువు. మన వానాకాలంలో ఆరక బూజు పట్టి చివుకుతుంది.

నైలాను: బలమైనది, తేలికైనది. కాని తడిస్తే సాగుతుంది. ఎండకు త్వరగా బలం కోల్పోతుంది.

పాలియెస్టరు: నైలానుకంటే ఎండకు ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, అంతగా సాగదు. పైన నీరంటని పూత వేస్తే మంచి కప్పు అవుతుంది. అయితే పూత మరీ మందమై సందులన్నీ పూడిపోతే మళ్ళీ పాలిథీను కథే.

ఆక్రిలిక్ నూలు గుడ్డ: దుకాణాల ముందు నీడకు కట్టే పందిరి గుడ్డల్లో మేలైనవి దీనితోనే చేస్తారు. పేరు ఒకటైనా ఇది కిటికీ పలక కాదు, దాని బంధువు. దారం తీయకముందే ద్రావణంలో రంగు కలుపుతారు కనుక ఎండకు వెలవదు. గాలి ఆడుతుంది. ఏళ్ళ తరబడి ఎండను ఓర్చుకుంటుంది. కాని ఖరీదు, బరువు రెండూ ఎక్కువే.

అన్నిటికంటే మందమైనది అన్నిటికంటే మంచిది కాదని తేలింది కదూ!

మూడో శత్రువు: దుమ్ము, దానికి తోడు గాలి

ఇసుకలో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో దాని అంకె 7. గాజుది సుమారు ఐదున్నర. ఆక్రిలిక్‌ది మూడు దాటదు. దుమ్ము పట్టిన కిటికీ మీద కప్పు వేసి వదులుగా కట్టారనుకోండి. గాలికి కప్పు రెపరెపలాడుతుంది. మధ్యలో ఇసుక రేణువులు. ఇంకేం, కప్పే గరుకు కాగితమైపోతుంది. రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది. అందుకే విమానాన్ని కడిగి, ఆరనిచ్చి, ఆ తరువాతే కప్పాలి. లోపలివైపు మెత్తని అస్తరు ఉండాలి. కప్పు విమానం ఒంటికి కొలిచి కుట్టిన చొక్కాలా అతుక్కుని ఉండాలి. పట్టీలు పొట్ట కిందినుంచి తిప్పి బిగించాలి.

గాలి బలం దాని వేగంతోపాటు కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి, ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు గుడ్డను సుమారు 12 కిలోల బరువుతో నెడుతుంది. వేగం రెట్టింపై 100 అయితే 47 కిలోలు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపానులో గాలి గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచింది. లెక్క వేస్తే చదరపు మీటరుకు 150 కిలోలు దాటుతుంది. ఆనాడు విశాఖ విమానాశ్రయం భవనం పైకప్పే దెబ్బతిన్నది. అలాంటి గాలిలో కప్పు తెరచాపగా మారి విమానాన్నే లాగేస్తుంది. పైగా సెస్నా 172ను గాలిలో నిలబెట్టడానికి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగం చాలు. కట్టేసిన విమానానికి కూడా అంత ఎదురుగాలి తగిలితే రెక్కలు పైకి లేవాలనే చూస్తాయి! తుపానుకు మందు కప్పు కాదు. హెచ్చరిక రాగానే విమానాన్ని మరో ఊరికి ఎగురవేసుకుపోవాలి, లేదా గట్టి హాంగర్‌లో పెట్టాలి.

వేలెడంత గొట్టానికీ ఒక కప్పు

ఇంతవరకు చెప్పిన శత్రువులు విమానాన్ని మెల్లగా పాడుచేస్తాయి. ఒక్క చిన్న పురుగు మాత్రం ప్రాణాల మీదకే తేగలదు. అదెలాగో తెలియాలంటే ముందు నది దగ్గరకు వెళ్ళాలి.

1732లో హెన్రీ పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు పారిస్ నగరంలోని సేన్ నది వేగాన్ని కొలవాలనుకున్నాడు. మొన వంచిన గాజు గొట్టాన్ని నీటిలో పెట్టి, వంచిన మూతిని ప్రవాహానికి ఎదురుగా తిప్పాడు. పరుగెత్తే నీరు గొట్టంలో నది మట్టంకంటే పైకి లేచింది. వేగం ఎక్కువైన కొద్దీ ఇంకా పైకి లేస్తుంది. రావులపాలెం వంతెన దగ్గర గౌతమి సెకనుకు ఒక మీటరు వేగంతో పారుతుంటే ఆ గొట్టంలో నీరు 5 సెంటీమీటర్లు లేస్తుంది. రెండు మీటర్ల వేగమైతే 20 సెంటీమీటర్లు.

విమానం వేగాన్ని కొలిచేదీ ఈ పీటో గొట్టమే. రెక్క కిందో, ముక్కు పక్కనో ముందుకు చూస్తూ ఉంటుంది. దాని మూతిలో ఎదురుగాలి ఆగి పీడనం పెంచుతుంది. విమానం పక్కనున్న చిన్న రంధ్రాలు చుట్టూ ఉన్న గాలి మామూలు పీడనాన్ని చెబుతాయి. ఈ రెండింటి తేడానుబట్టి వేగం తెలుస్తుంది.

కిటికీ మూలల్లో మట్టి గూళ్ళు కట్టే కందిరీగలను మీరు ఎరుగుదురు. తాళం కన్నం కనిపించినా వదలవు. అలాంటి ఈగకు నిలిచి ఉన్న విమానం పీటో గొట్టం మంచి ఇల్లు. ఆ గొట్టం మూసుకుపోతే? లోపల చిక్కిన గాలి పీడనం మారదు. విమానం పైకి వెళ్ళే కొద్దీ బయటి పీడనం తగ్గుతుంది. రెండింటి తేడా పెరుగుతుంది. వేగం పెరగకపోయినా ముల్లు మాత్రం పెరుగుతోందని చూపిస్తుంది!

1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ దేశంలో సరిగ్గా ఇదే జరిగింది. బర్గెన్ ఎయిర్ సంస్థ నడిపిన బోయింగ్ 757 విమానం సుమారు మూడు వారాలు నేలమీదే ఉండిపోయింది. పీటో గొట్టాలకు తొడుగులు వేయలేదు. పైకి లేచిన కొద్ది నిమిషాలకే వేగం ముల్లు తప్పుడు లెక్క చూపింది. పైలట్లు తికమకపడ్డారు. వేగం తగ్గిపోయి విమానం సముద్రంలో కూలింది. అందులోని 189 మందీ మరణించారు. కందిరీగలు గొట్టంలో గూడు కట్టి ఉండవచ్చునని దర్యాప్తు జరిపినవారు భావించారు. అరచేతిలో ఇమిడే ఒక తొడుగు లేకపోవడం ఎంత పని చేసిందో చూడండి.

కప్పడం ఎంత ముఖ్యమో తీయడం అంత ముఖ్యం

అయితే తొడుగులు వేసేస్తే గండం గడిచినట్లేనా? అదే 1996లో, అక్టోబరు 2న పెరూ దేశంలో ఏరోపెరూ విమానాన్ని కడిగేటప్పుడు పక్కనున్న పీడన రంధ్రాల్లోకి నీరు పోకుండా టేపు అంటించారు. కడగడం అయ్యాక టేపు తీయడం మరిచారు. రాత్రివేళ ఎగిరిన ఆ విమానంలో ఎత్తు, వేగం చెప్పే పరికరాలన్నీ అబద్ధాలు చెప్పాయి. 70 మంది చనిపోయారు.

2018 జూలై 18న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక మలేషియా విమానం మూడు పీటో తొడుగులతోనే ఎగిరిపోయింది. బ్రిస్బేన్‌లో కందిరీగల బెడద ఎక్కువ కనుకనే ఆ తొడుగులు వేశారు. వేగం కొలతలు పనిచేయకపోయినా పైలట్లు నిబ్బరంగా ఇతర పరికరాల సాయంతో క్షేమంగా దించారు. రెండు వందలమందికి పైగా బతికి బయటపడ్డారు.

2020లో కరోనా వ్యాధి మూలంగా ప్రపంచమంతటా వేలాది విమానాలు నెలల తరబడి నేలమీద నిలిచిపోయాయి. అప్పుడు ఐరోపా విమాన భద్రతా సంస్థ, తిరిగి ఎగిరేముందు ఈ గొట్టాలను జాగ్రత్తగా పరీక్షించాలని ప్రత్యేకంగా హెచ్చరించింది.

ఈ కారణం చేతనే ప్రతి చిన్న తొడుగుకూ పొడవాటి ఎర్ర పట్టీ వేలాడుతుంది. ‘ఎగిరేముందు తీసేయండి’ అని దానిమీద రాసి ఉంటుంది. దూరాన్నుంచి కనబడాలనే ఎరుపు; గాలికి ఊగాలనే పొడవు. కాని బ్రిస్బేన్ తొడుగులకూ పట్టీలు ఉన్నాయి! చూడవలసిన కన్ను చూడకపోతే ఎర్రరంగు ఏం చేస్తుంది? కాబట్టి వేసేటప్పుడు ఎన్ని వేశామో లెక్క రాసుకోవాలి. తీసేటప్పుడు అన్నీ చేతికి వచ్చాయో లేదో లెక్క చూసుకోవాలి.

ఇంతకీ మన ఎంపిక ఏమిటి?

మధురపూడిలోని మన ఊహా విమానానికి వద్దాం. హాంగర్ దొరికితే దానికి మించినది లేదు. దొరకకపోతే, విమానమంతా మూసే పెద్ద బరకం వద్దు. ఎండకు ఎక్కువ నష్టపోయే పైలట్ గదికి లేత రంగు, గాలి ఆడే, నీరంటని కప్పు. లోపల మెత్తని అస్తరు. పొట్ట కింద బిగించే పట్టీలు. ఇంజను ముందున్న గాలి రంధ్రాల్లో గోరింకలూ పిచ్చుకలూ గూళ్ళు పెట్టకుండా స్పాంజి బిరడాలు. పీటో గొట్టానికి ఎర్రపట్టీ తొడుగు. రెక్కలకు, తోకకు నేలలో దిగగొట్టిన కొక్కేలనుంచి తాళ్ళు. ఎండ ఉన్న రోజున కప్పు తీసి ఆరబెట్టడం. ఇదీ లెక్క.

మీరే చేసి చూడండి

ఒకటి: రెండు గ్లాసుల్లో సగందాకా గోరువెచ్చని నీరు పోయండి. ఒకదాని మూతికి పాలిథీను కాగితం, రెండోదానికి చేతిరుమాలు బిగించి కట్టండి. అరగంట తరువాత రెండింటి అడుగు భాగాన్నీ తాకి చూడండి. పాలిథీను అడుగున వరుసలు తీరిన చుక్కలు కనిపిస్తాయి. మరి రుమాలుకో?

రెండు: గ్లాసు నిండా నీరు పోసి, తడిపిన రుమాలును మూతికి గట్టిగా బిగించి, అరచెయ్యి అడ్డం పెట్టి తలకిందులు చేయండి. చెయ్యి మెల్లగా తీయండి. గుడ్డ నిండా సందులున్నా నీరు నిలుస్తుంది! తలతన్యతతోపాటు బయటి గాలి పీడనం కూడా దీనికి సాయపడుతుంది.

మూడు: ఇది ఓపిక ఉన్నవారికి. పాలిథీను, నూలు గుడ్డ, పాలియెస్టరు గుడ్డ, నైలాను గుడ్డ పీలికలు ఒకే కొలతలో కత్తిరించండి. ఒక్కొక్కటీ అరడజను ఉండాలి. మార్చి నెలలో డాబామీద ఎండలో కట్టండి. నెలకొకటి చొప్పున తెచ్చి, ఒక కొస మేకుకు కట్టి, రెండో కొసకు చిన్న సంచీ వేలాడదీసి, తెగేదాకా రాళ్ళు వేయండి. ఎన్ని రాళ్ళకు తెగిందో తేదీతో సహా రాసిపెట్టండి. ఆగస్టు దాటేసరికి మీ చేతిలో ఒక పట్టిక తయారవుతుంది. మన ఎండకూ మన వానకూ ఏ గుడ్డ ఎంత నిలుస్తుందో అందులో ఉంటుంది. మీ ఇంట్లో విమానం లేకపోతేనేం? సైకిలుకు ఏ గుడ్డ కప్పాలో ఆ పట్టికే చెబుతుంది.